ఇసుక నేల, కరెంటు లేదు, బోరులో ఉప్పునీళ్లు: నలుగురికి తిండి ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ వైపు, హగరి నది ఒడ్డున అరెకరా ఇసుక నేల. కరెంటు లేదు, వచ్చే సూచనా లేదు. బోరుకు చేతిపంపు ఉంది, కొడితే రోజుకు రెండొందల లీటర్ల దాకా వస్తాయి, అవీ ఉప్పగా ఉన్నాయి. అరవై చదరపు మీటర్ల ఇనుప రేకుల ఇల్లు. పెద్దవాళ్లు ఇద్దరు, పిల్లలు ఇద్దరు. కూరగాయలు, గింజలు పండించుకుని అక్కడే వండుకు తినడం అయ్యే పనేనా, ఫ్రిజ్ లేకుండా నిలవ ఎలా, బయోగ్యాస్ పెట్టించాలా?

కూరగాయలు, ఆకుకూరలు ఏడాది పొడవునా అవుతాయి. పప్పులు సగం వస్తాయి. గింజలు మాత్రం మూడు నెలలకు మించి రావు. నలుగురికి రోజుకు కిలో పావు నుంచి కిలోన్నర ధాన్యం కావాలి, అంటే ఏడాదికి 450 నుంచి 550 కిలోలు. పావెకరా వర్షాధారపు ఇసుకలో సజ్జ వేస్తే మంచి ఏడాది నూరు, నూటయాభై కిలోలు వచ్చినా గొప్పే. మిగతాది కొనుక్కోవాలి. "అరెకరాలో స్వయంసమృద్ధి" అని వీడియోల్లో చూపించేవన్నీ నీళ్లున్న నేలలు.

విత్తనాల సంగతి తర్వాత, ముందు నీళ్ల లెక్క. జిల్లా సగటు వాన ఏటా 550 మి.మీ.కు అటూ ఇటూ. కానీ సగటును నమ్మి తొట్టి కడితే కరువు ఏడాది దొరికిపోతారు. 350 మి.మీ. అనుకుని లెక్క వేసుకోండి. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. పడితే ఒక లీటరు. మీ కప్పు మీద 60 × 350 = 21,000 లీటర్లు. చిమ్మేది, ఆవిరయ్యేది పోగా 17,000 చేతికొస్తాయి. తాగడానికీ వంటకూ రోజుకు 25 లీటర్లు, కూరగాయలు, గిన్నెలు కడగడానికి 20. రోజుకు 45 చొప్పున ఏడాదికి 16,400. అంటే కప్పు నీళ్లు వంటింటికి సరిగ్గా సరిపోతాయి, తోటకు ఒక్క చుక్క మిగలదు. తోట బోరు నీళ్ల మీదే బతకాలి. ఈ రెండు ఖాతాలూ కలిపేశారంటే ఏప్రిల్‌కల్లా తాగేనీళ్లకు ట్యాంకరు పిలవాల్సి వస్తుంది.

వానలు జూన్ నుంచి అక్టోబరు వరకు. మీ వైపు ఎక్కువ పడేది సెప్టెంబరులో. నవంబరు నుంచి మే ఆఖరు దాకా ఏడు నెలలకు 9,500 లీటర్లు నిలవ ఉండాలి, కాబట్టి 12,000 లీటర్లకు తగ్గకుండా తొట్టి కట్టండి. ఫెర్రోసిమెంటుదైనా, 5,000 లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండూ, 2,000ది ఒకటీ కలిపినా సరే. ట్యాంకులు ఇంటికి తూర్పు పక్క, నీడలో, రెండడుగుల దిమ్మె మీద ఉంటే మోటారు లేకుండానే కుళాయికి నీళ్లొస్తాయి. ప్రతి వానకూ మొదటి 60 లీటర్లు పక్కకు పోవాలి. నాలుగంగుళాల పైపులో మీటరుకు 8 లీటర్లే పడతాయి కనుక పైపుతో పని కాదు, వంద లీటర్ల డ్రమ్ము ఒకటి అడ్డం పెట్టండి. ఈ గాలికి కప్పు మీద ఇసుక ఎంత పేరుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. జూన్‌లో పడే తొలి వాన నీళ్లు మొత్తంగా వదిలేయండి.

బోరు నీళ్లకు రెండు పరీక్షలు చేయించండి. ఒకటి ఫ్లోరైడ్. జిల్లాలో చాలాచోట్ల ఎక్కువగా ఉంది. లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే తాగడానికీ వంటకూ వద్దు. మరిగించినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకినకొద్దీ చిక్కబడుతుంది. రెండోది ఈసీ, అంటే ఉప్పు లెక్క, డెసీసీమెన్స్/మీటరులో. 2 లోపు ఉంటే దాదాపు అన్నీ పండుతాయి. 2 నుంచి 4 మధ్య ఉంటే ఉల్లి, క్యారెట్, ఫ్రెంచ్ బీన్స్ జోలికి పోకండి. గోరుచిక్కుడు, అలసంద, గుమ్మడి జాతులు తట్టుకుంటాయి. గోరుచిక్కుడు అయితే ఉప్పు విషయంలో మహా మొండిది. ఇంకో సంగతి: కఠిన జలంలో కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు విరగదు. సోడా ఉప్పు వేస్తే మెత్తబడుతుంది కానీ బి విటమిన్లు పోతాయి. అదే పప్పు వాననీళ్లలో సగం కట్టెలతో ఉడుకుతుంది.

ఇప్పుడు తోట. ఇసుకలో కాలువ పారించినా, గొట్టంతో పట్టినా నీళ్లు నేరుగా కిందికి దిగిపోతాయి. డ్రిప్ పెట్టొచ్చు, కానీ ఉప్పునీళ్లకు రంధ్రాలు పూడిపోతుంటాయి, శుభ్రం చేయడానికి యాసిడ్ కావాలి. మీ లెక్కకు తగింది పాతిపెట్టిన కుండ. ఏడెనిమిది లీటర్లు పట్టే మట్టికుండను మెడ దాకా పూడ్చి నీళ్లు నింపి మూత పెడితే, చుట్టూ మట్టి ఆరినకొద్దీ గోడలోంచి నీళ్లు ఊరుతుంటాయి. మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. మొక్కకు ఎంత కావాలో అంతే పోతుంది, పైన నేల పొడిగా ఉంటుంది కాబట్టి కలుపూ తక్కువే.

కుండ ఎంచుకోవడంలోనే చాలామంది దెబ్బతింటారు. రంగు వేసినవి, నున్నగా మెరిసేవి, బాగా ఎక్కువ కాలినవి పనికిరావు. కొనేముందు నీళ్లు నింపి నీడలో పెట్టి చూడండి. రెండు మూడు గంటల్లో బయట గోడంతా చెమట పట్టినట్టు తడవాలి. పొడిగానే ఉంటే ఎక్కువ కాలింది, చుక్కలు కారితే పగులు ఉంది. మంచినీళ్ల కుండగా "చల్లబడదు" అని జనం వదిలేసేవి ఎక్కువ కాలినవే, అగ్గువకు వస్తున్నాయని అవి తెచ్చుకోకండి.

గుంత రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. తవ్విన ఇసుకలో సగం పారేసి, మిగిలినదాంట్లో ఒక గంప చెరువు ఒండ్రు, ఒక గంప బాగా మాగిన పశువుల ఎరువు, రెండు దోసిళ్లు వేపపిండి కలపండి. ఒండ్రు మానేస్తే పద్ధతి మొత్తం విఫలమవుతుంది. ఉత్త ఇసుకలో నీళ్లు పక్కలకు పాకవు, కుండకు నాలుగువేళ్ల దూరంలో ఉన్న వేరుకు కూడా తడి అందదు. కుండను మధ్యలో దించి మట్టి గట్టిగా అదమాలి. గోడకూ మట్టికీ మధ్య ఖాళీ ఉంటే ఊట అక్కడే ఆగిపోతుంది. గింజలు గోడకు అరజానెడు దూరంలో వేయండి. ఒక కుండకు సొర, బీర, దోస అయితే రెండు పాదులు, వంగ, మిరప అయితే నాలుగు మొక్కలు. ఆకుకూర అయితే చుట్టూ వలయంగా చల్లేయండి. మొలకెత్తాక పది రోజులు పైనుంచి చెంబుతో పోయక తప్పదు, వేరు కుండ దగ్గరికి చేరేదాకా అంతే.

వేసవిలో ఒక్కో కుండకు రోజుకు రెండు లీటర్లు పోతాయి. ముప్ఫై కుండలకు అరవై లీటర్లు, అంటే మీ చేతిపంపు సులువుగా ఇస్తుంది. సగానికి తగ్గేసరికి, అంటే వేసవిలో ఒకటి రెండు రోజులకోసారి నింపండి. పూర్తిగా ఎండితే గోడలో ఉప్పు గట్టిపడుతుంది. మూతగా నాపరాయి ముక్క పెట్టండి, లేకపోతే దోమలు. పంట అయ్యాక కుండ పైకి తీసి, చింతపండు పులుసులో గానీ వెనిగరు కలిపిన నీళ్లలో గానీ ఒక రాత్రి నానబెట్టి, కొబ్బరిపీచుతో రుద్ది ఎండబెట్టండి. తెల్లగా పట్టిన సున్నం కరిగిపోతుంది. బియ్యం కడుగు, గిన్నెల కడుగు కుండల్లో పోయకండి. గంజికీ జిడ్డుకీ నెలరోజుల్లో గోడ మూసుకుపోతుంది. ఆ నీళ్లు మునగ, బొప్పాయి పాదుల్లోకి మళ్లించండి. గిన్నెలకు బూడిదో, కుంకుడు పొట్టో వాడితే చెట్లకు ఇబ్బంది ఉండదు.

కుండల చుట్టూ పేరుకునే ఉప్పు ఎక్కడికి పోతుందంటే, సెప్టెంబరు వానే కడగాలి. అందుకే మడులు చుట్టూ నేలకంటే జానెడు లోతుగా ఉండాలి. ఎత్తు మడులు తడి దేశాల పద్ధతి. ఇక్కడ ఎత్తు మడి కడితే నాలుగు పక్కల నుంచీ గాలి తేమ లాగేస్తుంది. లోతు మడిలో వాన నిలిచి ఉప్పును కిందికి దించుతుంది. పైన కప్పడానికి మీ చుట్టుపక్కల వేరుశనగ పొట్టు బోలెడు దొరుకుతుంది, రెండంగుళాల మందాన పరిచి గాలికి ఎగరకుండా పైన కంపమండలు వేయండి. కాండాన్ని తాకకుండా జానెడు వదలాలి, లేకపోతే చెదలు పొట్టుతో మొదలుపెట్టి మొక్కలోకి ఎక్కుతాయి.

ఎండ కంటే గాలి పెద్ద శత్రువు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఇసుకను మోసుకొచ్చి లేత ఆకులను కోసేస్తుంది. దర్గా హొన్నూరు దగ్గర ఇసుక మేటలు లేచింది కూడా హగరి ఇసుకను ఈ గాలి ఎత్తిపోయడంవల్లే. దీనికి గోడ కట్టకండి. గట్టి గోడను కొట్టిన గాలి పైకి లేచి అవతల సుడి తిరిగి మొక్కల మీదే పడుతుంది. సగం గాలిని వదిలే కంచె కావాలి. ఈ ఏడాదికి పడమర పక్క జొన్నసొప్ప తడికలు రెండు వరసలు పెట్టండి, ఒకదానికొకటి మూడడుగుల ఎడం. వాటి నీడలోనే వెనక కానుగ, వేప, వావిలి నాటండి. బయటి అంచున కిత్తనార. మేకలు ముట్టని సీతాఫలం కూడా ఆ వరసలో బాగుంటుంది. కంచె ఎత్తుకు పది రెట్ల దూరం వరకు రక్షణ దొరుకుతుంది, అంటే ఆరడుగుల తడిక అరవై అడుగులు కాపాడుతుంది. తీగలను పందిరి ఎక్కించకుండా నేలమీదే పొట్టు మీద పాకనివ్వండి.

మార్చి నుంచి జూన్ మొదలు దాకా 50 శాతం నీడ వల, ముఖ్యంగా పడమటి ఎండకు. ఆ నెలల్లో టమాటా కోసం తంటాలు పడొద్దు. పగలు 35 డిగ్రీలు దాటాక పుప్పొడి చచ్చి పూత రాలిపోతుంది, నీళ్లు ఎన్ని పోసినా కాయ కట్టదు. టమాటా, వంగ, చిక్కుడు సెప్టెంబరులో నాటి జనవరి దాకా కోసుకోండి. వేసవికి గోరుచిక్కుడు, బెండ, దోస, తోటకూర, పుంటికూర. మునగ నాలుగు చెట్లు చాలు, ఆకు ఏడాదంతా వస్తుంది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగడుగులకు నరికేయండి, లేకపోతే గాలికి విరుగుతుంది.

గింజల్లో కొర్రలు వేయమని అందరూ చెబుతారు. కరెంటు లేనివాళ్లకు కొర్ర సులువు కాదు. పండించడం తేలికే, పొట్టు తీయడమే కష్టం. రోట్లో దంచి చెరగడానికి కిలోకు ఎంత సేపు పడుతుందో ఒకసారి చూస్తే అర్థమవుతుంది. సజ్జ, జొన్న, రాగి నేరుగా విసుర్రాయిలో పోయొచ్చు. మీ ఇసుకకు వాటిలో సజ్జే తగింది: పావెకరాకు అర కిలో విత్తనం, 80–90 రోజుల పంట. ఒక చిక్కు ఉంది. సజ్జపిండిలో కొవ్వు ఎక్కువ, వారం దాటితే చేదెక్కుతుంది. మూణ్ణాలుగు రోజులకు సరిపడా మాత్రమే విసురుకోండి. సజ్జ వరసల మధ్య కంది, గట్ల మీద అలసంద. వానలు ఆలస్యమై సజ్జ తప్పిపోతే ఆగస్టు, సెప్టెంబరులో ఉలవలు చల్లండి, అవి అడిగేది ఒకటి రెండు పదునులే.

వేరుశనగ కొంచెం వేసుకుంటే ఊరిబిండికీ నూనెకూ పనికొస్తుంది. కదిరి పరిశోధనా స్థానం రకాలు ఈ నేలలకు అలవాటైనవి. అయితే కాయ ఊరే వేళ బెట్ట పడితే నేలలోనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. అది వేయించినా ఉడికించినా పోదు. కాయ ఊపితే గలగలమనేదాకా ఎండబెట్టి, ముడుచుకున్నవి, రంగు మారినవి, పచ్చబూజువి ఏరి పాతిపెట్టండి. పశువులకూ వేయొద్దు, పాలలోకి వస్తుంది.

వంటకు ఒక్క పొయ్యితో అవదు, మూడు రకాలుగా సర్దుకోవాలి. నవంబరు నుంచి మే దాకా పెట్టె సోలార్ కుక్కరు: పదింటికి పెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు దించుకోవడం. లోపల ఆవిరి పెద్దగా పోదు కనుక అన్నానికి మామూలుకంటే నీళ్లు పావు వంతు తగ్గించండి. గిన్నెలకు బయట నలుపు తప్పనిసరి. గొడుగులాంటి పెద్ద పారాబోలిక్ పొయ్యి వేగంగా కాగుతుంది, రొట్టె కూడా కాలుతుంది, కానీ జూన్ గాలికి తిరగబడుతుంది. వాడనప్పుడు సూర్యుడికి ఎదురుగా వదిలేస్తే దాని వెలుగు ఎక్కడ కుదిరితే అక్కడ నిప్పంటుకుంటుంది. అద్దం రేకుల మీద ఇసుకను పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడి రెండేళ్లలో మసకబారుతాయి. ముందు నీళ్లు చల్లి, తర్వాతే గుడ్డ.

రెండోది వేడి గంప. పెద్ద వెదురుగంపలో చుట్టూ, అడుగున నాలుగంగుళాల మందాన వేరుశనగ పొట్టు కూరి, మధ్యలో గిన్నె పట్టేంత గూడు చేసి, పైకి పొట్టు కుట్టిన దిండు. గంటసేపు నానిన కందిపప్పును పొయ్యి మీద పది నిమిషాలు బాగా మరిగించి మూతతో సహా గూట్లో దించితే రెండు గంటల్లో మెత్తబడుతుంది. గిన్నె మూడొంతులకు తగ్గకుండా నిండాలి, మధ్యలో మూత తీయకూడదు. నాలుగు గంటల్లోపు తినేయండి, లేదా మళ్లీ మరిగించండి. గోరువెచ్చగా రాత్రంతా వదిలేసిన పప్పు వాంతులు తెస్తుంది. రాజ్మాను మాత్రం ముందు నీళ్లు మరుగుతుండగా పది నిమిషాలు ఉడికించకుండా గంపలోకి గానీ పెట్టె కుక్కరులోకి గానీ దించొద్దు, అందులో విషపదార్థం తక్కువ వేడికి చావదు.

మూడోది కట్టెల పొయ్యి, మబ్బు పట్టిన జూలై–సెప్టెంబరుకు, తెల్లవారుజాము సంగటికి. కందికంప, సర్కారు తుమ్మ కట్టె మేలో కొట్టి కప్పు కింద పేర్చుకోండి.

ఫ్రిజ్ సంగతి. రెండు వరసల ఇటుకల మధ్య ఇసుక నింపి తడిపే చల్లని గది బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఎండాకాలం బాగా పనిచేస్తుంది, కానీ రోజుకు పాతిక లీటర్లకు పైనే తాగుతుంది. మీ నీళ్లకు అది దండగ. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి మధ్య ఇసుక తడిపితే రెండు మూడు లీటర్లతో కూరగాయలు నాలుగైదు రోజులు నిలుస్తాయి. గాలి ఆడే నీడలో పెట్టండి. సెప్టెంబరులో గాలిలో తేమ పెరిగాక చల్లబడలేదని కంగారు పడకండి, అప్పుడు ఎవరిదీ చల్లబడదు. పాలు, వండిన కూరలు అందులో దాచొద్దు.

అసలైన నిలవ వరుగులే. డిసెంబరు, జనవరిలో తోట ఎక్కువగా కాస్తుంది, ఆకాశం పొడిగా ఉంటుంది. వంకాయ, కాకర, దోస నాలుగైదు మి.మీ. మందాన చక్రాలుగా కోసి ఉప్పు పట్టించి, గోరుచిక్కుడు అయితే మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి తీసి, మంచం మీద ఇసుక పడకుండా పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టండి. రాత్రి మంచు తగలనివ్వొద్దు. పది కిలోలకు కిలో మిగులుతుంది. వంచితే పెళుక్కున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. సీసాలో పోసి వారం రోజులు రోజూ కుదపండి. గోడకు తేమ పడితే వెంటనే మళ్లీ ఎండకు. మునగాకు మాత్రం నీడలోనే, ఎండలో పెడితే విటమిన్ ఎ పోయి గడ్డిలా తెల్లబడుతుంది.

కందులకు ఎర్రమట్టి కట్టి ఎండబెట్టే పాత పద్ధతే ఇప్పటికీ మంచిది. అలసందలు, పెసలకు పురుగు చేనులోనే గుడ్డు పెట్టి వస్తుంది కనుక కల్లం నుంచి తెచ్చిన వారంలోపే మండుటెండలో రెండు మూడు రోజులు పల్చగా ఆరబోసి, కిలోకు ఒక చెంచా ఆముదం పట్టించి మూత బిగించాలి. నెల తర్వాత చేస్తే గింజలో రంధ్రం కనపడుతుంది, అప్పటికి పని అయిపోయినట్టే.

చివరగా బయోగ్యాస్. ఒక ఘనమీటరు ప్లాంటుకు రోజుకు 25 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. అంత పేడకు రెండు మూడు పశువులు కట్టేసి ఉండాలి, వాటి తాగునీరే రోజుకు వంద లీటర్లు దాటుతుంది. పశువులు లేకపోతే ప్లాంటు కోసమని వాటిని కొనకండి. ముందే ఉంటే పెట్టించండి. బోరు నీళ్లు మరీ ఉప్పగా లేకపోతే అవే కలపొచ్చు, బయటికొచ్చే స్లర్రీతో ఆ తడి బొప్పాయి పాదులకు చేరుతుంది.